చిన్న జలుబే కదా!

మా టీములో ఒకాయన సోమవారం తుమ్ముకుంటూ ఆఫీసుకొచ్చాడు. బుధవారానికల్లా ఆయనకి తగ్గిపోయింది. అదే జలుబు నాకంటుకుంది. మొదట ముక్కు, తర్వాత గొంతు.. నాలుగో రోజు రాత్రి మూడింటికి లేచి కూర్చున్నాను, ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరాడదు. మా ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. తెల్లారేసరికి ఆస్పత్రిలో నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని ఉన్నాను.

ఒకటే జలుబు, ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు? "నీకు ఇమ్యూనిటీ తక్కువరా" అని చిన్నప్పట్నుంచీ వింటున్నదే. (మృగశిర కార్తెకి హైదరాబాదులో లైన్లో నిలబడి మూడేళ్ళు వరసగా చేపమందు మింగినవాణ్ణి లెండి.) విషయం అంత సింపుల్ కాదట.

జలుబులకి ఎక్కువగా కారణం రైనోవైరస్. అది సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వదిలి పక్క కణాల్ని హెచ్చరించాలి. 2005లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు ఆస్తమావాళ్ళ శ్వాసనాళాల లోపలి పొర కణాల్ని తీసి, వాటికి ఈ వైరస్ ఎక్కించి చూశారు. ఇంటర్‌ఫెరాన్-బీటా తక్కువొచ్చింది, వైరస్ ఎక్కువ పెరిగింది. బయట్నుంచి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే వైరస్ తగ్గింది. తర్వాతి పరిశోధనలన్నీ దీంతో ఏకీభవించలేదు. ఆస్తమా బాగా అదుపులో ఉన్నవాళ్ళలో ఈ లోపం కనపడలేదని 2014లో ఇంకొకటి తేల్చింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

ఇంకోపక్క, అవే కణాలు ఐఎల్-33 లాంటి సంకేతాలు పంపి అలెర్జీ దళాన్ని పిలుస్తాయి. దాంతో వాపు, కళ్ళె, నాళాలు బిగుసుకుపోవడం. అంటే ఇమ్యూనిటీ తక్కువని కాదు, మోగాల్సిన అలారం నీరసంగా మోగి, అక్కర్లేనిది చెవులు చిల్లులు పడేలా మోగుతోందన్నమాట. ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు!

డాక్టరుగారి మొదటి ప్రశ్న - "రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఎప్పుడు మానేశారు?"

మూడు నెలలైంది. బాగానే ఉన్నాను కదా అని. ఆయాసమొస్తే నీలం ఇన్‌హేలర్ రెండుసార్లు కొట్టుకునేవాణ్ణి. అది నాళాల్ని వదులు చేస్తుందంతే, లోపలి వాపునేం చెయ్యదు. పెద్దవాళ్ళు దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దని అంతర్జాతీయ గినా మార్గదర్శకాలు 2019 నుంచీ చెప్తున్నాయి. అదుపు ఎక్కడ తప్పిందో అర్థమైందిగా..

అన్నట్టు, ఆ ముందు వారమే మా టీములో కుర్రాడొకడు "ఎర్రర్లేం రావట్లేదు కదా అని బ్యాకప్ జాబ్ ఆపేశాను సార్" అంటే గంటసేపు క్లాసు పీకాను. ఆ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.