పొట్లం మీది అంకెలకు తాత్పర్యం

మా చిన్నతనంలో పచారీ కొట్టాయన కందిపప్పు తూచి, పాత వారపత్రిక కాగితంలో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాడు. పప్పు డబ్బాలో పోసుకున్నాక ఆ కాగితం నా వంతు. అందులో సగం సీరియలో, పావు కథో, తోక తెగిన సినిమా కబురో దొరికేది. ఇప్పుడు పప్పు ప్లాస్టిక్ సంచీలో వస్తున్నది. కాగితం పోయింది గాని అచ్చు మాత్రం పోలేదు. సంచీ వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఒక పట్టిక వుంటుంది. శక్తి యింత, మాంసకృత్తులు యింత, పిండిపదార్థాలు యింత, పీచు యింత! మొదలూ చివరా లేని ఆ సగం సీరియలే నయం, కథ కొంతయినా వూహించుకోగలిగేవాణ్ణి. ఈ పట్టిక సాంతం కళ్లెదుట వుండి కూడా యేమీ చెప్పదు.

చెప్పకపోతే పోనీ అనుకుని వూరుకునేవాణ్ణే. కాని మా ఇంట్లో ఆ పట్టిక ఒక మనిషి తిండి మీదికి వచ్చింది.

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. చక్కెర వ్యాధి వచ్చి పదేళ్లయింది. డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా ఒకటే మాట చెబుతారు. "అన్నం కాస్త తగ్గించండమ్మా. తగ్గించిన మేరకు గింజలు, పప్పులు, కూరలు పెంచండి. మీకు పీచు కావాలి." అమ్మ మొదటి వాక్యం అక్షరాలా పాటించింది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి అడ్డుపడింది. అది ఇంటర్‌మీడియట్ రెండో సంవత్సరం, బైపీసీ. బియ్యం సంచీ, రాజ్మా గింజల సంచీ పక్కపక్కన పెట్టి పైకి చదివింది.

"మామ్మా, బియ్యం వంద గ్రాములకు 356. రాజ్మా 362."

"అంటే యేమిటే?"

"కేలరీలు మామ్మా. తిండిలో వుండే శక్తి."

"అయితే బియ్యం కంటె యివే యెక్కువన్నమాట! ఈ భాగ్యానికి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కుక్కరు కూతలు లెక్కపెట్టడం దేనికే?"

అంతటితో ఆ గింజలు అటకెక్కాయి. అన్నం తగ్గింది, దాని స్థానంలోకి మరొకటి రాలేదు. రెండు నెలల్లో అమ్మ చిక్కిపోయింది. పదకొండు గంటలయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయనేది. డాక్టరుగారు నన్ను విడిగా పిలిచి, "మాత్రలు వేసుకుంటూ తిండి యిల్లా తగ్గించేస్తే చక్కెర వున్నట్టుండి పడిపోతుంది. అది యెక్కువ చక్కెర కంటె ప్రమాదం" అని హెచ్చరించారు. రెండు అంకెలు చేసిన పని యిది.

ఇల్లా వుండగా డల్లాసులో వుంటున్న మా తమ్ముడు సంక్రాంతికి వచ్చాడు. వాడు తెచ్చిన సామానులో వుడికించిన రాజ్మా డబ్బా ఒకటి వుంది. దాని మీద అరకప్పుకు, అంటే 130 గ్రాములకు, 110 కేలరీలే! ఈలోగా మా ఆవిడ మరో కంపెనీ రాజ్మా తెచ్చింది. దాని మీద 328. ఒకే జాతి గింజకు మూడు అంకెలు. "అమెరికా గింజలో సత్తువ లేదు కాబోలు" అని అమ్మ తీర్పు చెప్పేసింది.

నేను తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. నాకు గణితం అంతంత మాత్రం. కాని కొరుకుడుపడని పద్యం యెదురైతే యేం చేయాలో ఇరవై యేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ప్రతిపదార్థం తెలిసినంత మాత్రాన తాత్పర్యం తెలియదు, ముందు అన్వయం కుదరాలి. యే మాట యే మాటతో కలుస్తుందో చూడాలి. ఆ పద్ధతే యీ పట్టిక మీద కూడా ప్రయోగించాను.

మొదటి అన్వయం: యీ అంకె యెంత తిండికి? యెండు గింజలకా, వుడికిన వాటికా? మా తూకం మీద వంద గ్రాముల యెండు రాజ్మా పోశాం. రాత్రంతా నాని, పొద్దున వుడికాక 240 గ్రాములు తూగింది. పెరిగిన తూకమంతా నీళ్లది. నీళ్లకు కేలరీలు లేవు. అంచేత సంచీ మీది 328 వుడికిన గింజల దగ్గర వంద గ్రాములకు 137 అయింది. తమ్ముడి డబ్బాలో గింజలతోపాటు వాటి నీరు కూడా తూకంలోనే వుంది, కనక ఇంకా తగ్గింది. అమెరికా గింజకు వచ్చిన లోటేమీ లేదు. అన్నట్టు, అమెరికా డబ్బా మీద "కేలరీ" అన్నదీ, మన సంచీ మీద "కిలో కేలరీ" అన్నదీ ఒకటే కొలత, పేరులోనే తేడా.

రెండో అన్వయం: పీచు పిండిపదార్థంలో కలిసి వుందా, విడిగా వుందా? అసలు చిక్కంతా యిక్కడే వుంది. దీనికి కాస్త పూర్వకథ చెప్పాలి.

అమెరికాలో ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త వుండేవాడు. 1890ల్లో ఆయన తన సహచరులతో కలిసి మనిషి పట్టే గది ఒకటి కట్టించాడు. మనిషి అందులోనే తిని, పడుకుని, పనిచేస్తూ వుంటే అతని ఒంట్లోంచి వెలువడే వేడిని కొలిచేవారు. అటువంటి ప్రయోగాలన్నిటి నుంచీ తేలిన సగటు లెక్క యిది: గ్రాము మాంసకృత్తులకు 4 కేలరీలు, గ్రాము కొవ్వుకు 9, గ్రాము పిండిపదార్థానికి 4. నేటికీ సంచుల మీది అంకెలకు చాలామట్టుకు యీ యెక్కమే ఆధారం.

మరి పీచు? అది కూడా రసాయనరీత్యా చాలామట్టుకు పిండిపదార్థం జాతిదే. కాని చిన్న పేగులో అరగదు. పెద్ద పేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు కొంత పులియబెట్టుకుంటాయి. ఆ పులుపులో పుట్టిన ఆమ్లాలు కొన్ని మన ఒంటికి పడతాయి. అంచేత గ్రాము పీచుకు 4 కాక 2 కేలరీలు కట్టడం ఒక పద్ధతి. ఐరోపా దేశాల 2011 నాటి నిబంధన యీ పద్ధతినే పాటిస్తుంది, అక్కడ పిండిపదార్థం గడిలో పీచు చేరదు. అమెరికాలో పీచు కూడా మొత్తం పిండిపదార్థంలోనే చేరుతుంది, దాని కింద కాస్త లోపలికి జరిపి విడిగా చూపిస్తారు.

ఇక మా రెండు సంచుల లెక్క చూడండి. రెంటిలోనూ మాంసకృత్తులు 20 గ్రాములు, అంటే 80 కేలరీలు. కొవ్వు 2 గ్రాములు, 18 కేలరీలు. ఇక్కడికి 98, పేచీ లేదు. మొదటి సంచీ పిండిపదార్థం 66 అని వేసి, "ఇందులో పీచు 17" అన్నది. ఆ అరవై ఆరింటినీ నాలుగుతో గుణిస్తే 264. మొత్తం 362. రెండో సంచీ పిండిపదార్థం 49, పీచు 17 అని వేరువేరుగా వేసింది. నలభై తొమ్మిది నాలుగులు 196, పదిహేడు రెండ్లు 34. మొత్తం 328. పీచుకు అసలు విలువే కట్టకపోతే 294 మిగులుతుంది. అదే గింజ, అవే గ్రాములు. తగాదా అంతా పదిహేడు గ్రాముల పీచును యేమని పిలవాలన్న దాని మీద!

ఇది తేలాక మా అమ్మాయి ముఖం వికసించింది. "అయితే నాన్నా, మామ్మకు కావలసిన అంకె కేలరీ కాదు. పిండిపదార్థంలోంచి పీచు తీసేస్తే మిగిలేది" అన్నది. నేను చెప్పదలచుకున్న తాత్పర్యం అదే. బియ్యంలో వందకు 78 గ్రాములు పిండిపదార్థం, పీచు మూడు గ్రాములైనా లేదు. రాజ్మాలో రక్తంలో చక్కెరగా మారగలిగింది 49 మాత్రమే. అదీ పీచు మధ్య చిక్కుకుని వుండి నెమ్మదిగా అరుగుతుంది. వుడికిన అన్నానికీ వంద గ్రాములకు యించుమించు 130 కేలరీలే, వుడికిన రాజ్మాకూ అంతే. కాని ఆ అన్నంలో పీచు గ్రాముకు అటూ యిటూ, ఆ గింజల్లో యేడు గ్రాములు.

అమ్మ అంతా విని, "అయితే జీతం ఒకటే. బియ్యం ఒకటో తారీఖునే మొత్తం చేతిలో పోస్తుంది, గింజ వాయిదాల మీద యిస్తుంది" అన్నది. నా బోధన మీద యింతకంటె మంచి వ్యాఖ్యానం యే విద్యార్థీ రాయలేదు.

పీచు అంకె దగ్గర మరో తిరకాసు కూడా వుంది. మన హైదరాబాదులోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన శాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో యిప్పటి పేరు పెట్టుకున్నది. వారు 1971లో వేసిన పుస్తకంలో వంద గ్రాముల కందిపప్పుకు పీచు ఒకటిన్నర గ్రాము. 2017లో వేసిన పట్టికల్లో అదే కందిపప్పుకు తొమ్మిది! కంది మొక్క మారలేదు, కొలిచే తీరు మారింది. పాత పద్ధతి పశువుల మేతను పరీక్షించడానికి పుట్టింది. ఆమ్లంలోనూ క్షారంలోనూ మరిగించి, మిగిలిన పిప్పినే పీచు అనేవారు. ఆ మరుగులో అసలు పీచు చాలా భాగం కరిగిపోయేది. ఇప్పుడు మన జీర్ణరసాల వంటి వాటితో అరిగించి, అరగక మిగిలినదాన్ని కొలుస్తున్నారు. కనక పాత పుస్తకం అంకెనూ కొత్త సంచీ అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆ 2017 పట్టికల్లో నాకు బాగా నచ్చినది పొట్టు కథ. పొట్టు తీయని కందుల్లో పీచు సుమారు 23 గ్రాములు, కందిపప్పులో 9. సెనగల్లో 25, సెనగపప్పులో 15. పెసల్లో 17, పెసరపప్పులో 9. మనం తరతరాలుగా పొట్టు గేదెకూ పప్పు మనకూ పంచుకుంటూ వచ్చాం. గేదెకు మలబద్ధకం లేదంటే ఆశ్చర్యమేముంది! అయినా మన వంటింట్లో పొట్టును వదలని వంటలు లేకపోలేదు. సెనగల గుగ్గిళ్లున్నాయి, పొట్టుపెసలతో పోసే పెసరట్టు వుంది, బొబ్బర్లున్నాయి. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇరవై అయిదు గ్రాముల సెనగలు, అంటే పెద్ద గుప్పెడు, నానబెట్టి వుడికిస్తే అందులో ఆరు గ్రాములు వచ్చినట్టే.

అయితే ఒకేసారి అమాంతం పెంచకూడదు సుమా. పెద్ద పేగులో ఆ పులుపు పుట్టేటప్పుడు గాలి కూడా పుడుతుంది, "వాతం" అని అమ్మ భయపడేది దానికే. వారానికి కొంచెంగా పెంచుతూ, మంచినీళ్లు బాగా తాగితే ఒళ్లు అలవాటుపడుతుంది. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో వుడికిస్తే గాలి కొంత తగ్గుతుంది. రాజ్మా అయితే తప్పకుండా ఆ నీళ్లు పారబోసి, తెర్లే నీళ్లలో బాగా వుడికించాలి. సగం వుడికిన రాజ్మా వాంతులు చేయిస్తుంది. మూత్రపిండాల జబ్బు వున్నవారు గింజలు పెంచే ముందు డాక్టరునడగాలి.

ఇప్పుడు మా అమ్మ పొద్దున ఒక చిన్న కప్పు గుగ్గిళ్లు, మధ్యాహ్నం అన్నంతోపాటు కప్పెడు గింజల కూర తింటున్నది. పదకొండు గంటల కళ్లు తిరుగుళ్లు లేవు. చక్కెర పరీక్ష చూసి డాక్టరుగారు మాత్ర పెంచలేదు, "ఇల్లాగే కానివ్వండి" అన్నారు. మాకు అదే పదివేలు.

ఇంతకూ పాఠకులకు నేను మనవి చేసేది యిదీ. సంచీ చేతికి తీసుకున్నప్పుడు కేలరీ గడి మీదికి ముందుగా దూకకండి. అంకె యెంత తూకానికో, యెండువో వుడికినవో చూడండి. పిండిపదార్థంలో పీచు కలిసి వుందో లేదో చూడండి. గడులన్నీ కలిపి చూసుకుంటే చాలాసార్లు అదే తెలిసిపోతుంది. పీచు గడి బొత్తిగా లేకపోతే, పొట్టున్న గింజా, పొట్టు తీసిన పప్పా అన్నది మీ కళ్లే చెబుతాయి. పక్కన "రోజువారీ అవసరంలో యింత శాతం" అని వుంటే, అది రోజుకు 2000 కేలరీలు తినే ఒక సగటు మనిషికి కట్టిన లెక్క. ఆ సగటు మనిషి మా అమ్మా కాదు, పొలంలో పనిచేసే రైతూ కాదు.

చివరగా ఒక మాట. ఆ పట్టిక వేసినవారికి మన పోపు సంగతి తెలియదు. అయిదు గ్రాముల నూనె, అంటే చెంచాడు, 45 కేలరీలు. గింజల దగ్గర పీచు లోపలా, బయటా అని పదికీ యిరవైకీ పేచీ పడి, మూకుట్లో నూనె మాత్రం చేతికి వచ్చినంత వంపేస్తే ఆ లెక్కంతా పోపులోనే మాడిపోతుంది.