శనివారం రాత్రి కడుపునొప్పి

విజయవాడలో ఒక ఇంటర్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసిన రోజుల్లో నా టేబుల్ సొరుగు నిండా గ్యాస్ మాత్రలు, ఈనో ప్యాకెట్లు, వాము పొట్లాలే. జ్వరాలూ జలుబులూ ఎప్పుడైనా వచ్చేవి. కడుపునొప్పులు మాత్రం శనివారం రాత్రి మొదలై, ఆదివారం వీకెండ్ టెస్టు అయ్యేదాకా ఉండేవి. టెస్టు అవగానే ఆ పిల్లల్లో సగంమంది మెస్‌లో చికెన్ లైన్లో కనపడేవారు. లెక్చరర్లకి ఆ ఒక్క సాక్ష్యం చాలు, "అంతా నాటకం" అనేవారు.

నాటకానికి చెమటలు పట్టవు. ఏలూరు వైపు పల్లె నుంచి వచ్చిన బైపీసీ అమ్మాయి ఒకతె బొడ్డు దగ్గర చెయ్యి అదిమిపెట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని మంచం మీద ముడుచుకుపోయేది. పట్టుకుంటే అరచేతులు చల్లగా తగిలేవి. బాత్రూంకి వెళ్లొస్తే కాస్త సర్దుకునేది, అంతలోనే మళ్లీ పరుగు. వాళ్లమ్మ ఫోన్ చేసి "దిష్టి తగిలుంటుంది మేడమ్, కాస్త ఉప్పుతో తీసెయ్యండి" అంది. తీశాను. నొప్పి తగ్గలేదు గానీ పిల్ల నవ్వింది.

రక్తపరీక్ష, మలపరీక్ష, స్కానింగు అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. "ఏమీ లేదంటున్నారుగా, మరి నీకేంటే?" అన్నాడు తండ్రి. పాపం, ఆయన కౌలు రైతు, తిరుగుడు ఖర్చులకే అప్పు తెచ్చాడు. ఆయన వెళ్లాక ఆ పిల్ల నాతో "ఏదో ఒక రోగం దొరికినా బాగుండేది మేడమ్" అంది.

చివరికి పిల్లల జీర్ణకోశ వైద్యురాలి దగ్గరికి తండ్రీకూతుళ్ల వెంట నేనూ వెళ్లాను. ఆవిడ ఫైలు పక్కన పెట్టి ప్రశ్నలు వేసింది. నొప్పికి నిద్రలోంచి లేస్తున్నావా? బరువు తగ్గావా? మోషన్‌లో రక్తం పడుతోందా? జ్వరం వస్తోందా? అన్నిటికీ పిల్ల లేదనే చెప్పింది. అప్పుడు ఆవిడ "పొద్దున ఏ టైముకి వెళ్తావమ్మా?" అని అడిగింది. పిల్ల నా వంక ఒకసారి చూసి మొత్తం చెప్పేసింది. అయిదింటికి బెల్లు, ఆ వెంటనే స్టడీ అవర్. బాత్రూంల ముందు లైను. లోపల కూర్చోగానే బయట తలుపు బాదుతారు. అందుకని ఆపుకుంటుంది, వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగదు. వరసగా రెండు మూడు రోజులు మోషనే ఉండదు, టెస్టు రోజు మాత్రం ఆగదు. టిఫిను మానేసి సాయంత్రం క్యాంటీన్‌లో పఫ్ తింటుంది. కాలేజీలో చేరేముందు వేసవిలో ఒక పెళ్లి భోజనం తిని వాంతులు, విరేచనాలతో పడిపోయిందట. అప్పట్నుంచే ఈ నొప్పి.

పేగుల గోడల్లో కోట్లకొద్దీ నరకణాలు ఉంటాయనీ, అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఇన్‌ఫెక్షన్, భయం, నిద్రలేమి కలిస్తే ఆ నరాలు అతిగా స్పందిస్తాయి, మామూలు గ్యాస్ కూడా నొప్పిగా తెలుస్తుంది. దీని పేరు ఐబీఎస్ అంది. తండ్రి ఇంకా అనుమానంగానే చూస్తుంటే, "ఇది ఈ కాలం పిల్లల గారాబం కాదండీ. 1958లోనే ఇంగ్లండ్‌లో జాన్ యాప్లీ అనే పిల్లల డాక్టరు వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి పదేపదే కడుపునొప్పి వస్తోందని తేలింది" అంది. రాసిన మందులు తక్కువే. టిఫిను మానొద్దు, తిన్నాక హడావుడి లేకుండా బాత్రూంలో కూర్చోవాలి, నీళ్లు తాగాలి, నిద్ర చాలాలి, నొప్పి వచ్చిన ప్రతిసారీ ఇంటికి తీసుకెళ్లొద్దు అంది.

నా గది బాత్రూం తాళంచెవి ఆ అమ్మాయికి ఇచ్చాను. కొన్ని వారాలకి శనివారాలు తేలికపడ్డాయి. నొప్పి పూర్తిగా పోలేదు, వచ్చినా టెస్టు రాయగలిగేది. ఈలోగా ఆ తాళంచెవి సంగతి ఫ్లోరంతా పాకి, తెల్లవారకముందే నా గుమ్మం ముందు లైను కట్టారు. ఇంకొన్ని బాత్రూంలు కావాలని మేనేజ్‌మెంటుకి రాశాను. ఆ సెలవుల్లో మా ఫ్లోర్‌కి ఏసీ స్టడీ హాలు కట్టించారు.