ఆనందం తరువాత అన్నం

తైత్తిరీయంలోని భృగువల్లిని పాఠశాలలో వల్లె వేసే రోజుల్లో దాని ఆరవ అనువాకమే శిఖరమనిపించేది. వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహిస్తాడు. అక్కడ ఆగక ప్రాణమనోవిజ్ఞానాలను దాటి ఆనందాన్ని చేరుకొంటాడు. పరమార్థం సిద్ధించింది కనుక ఉపదేశం అక్కడితో ముగియాలి. ముగియదు. ఏడవ అనువాకం నుండి ఉపదేశం మళ్ళీ అన్నం దగ్గరకే వస్తుంది. అన్నాన్ని నిందించరాదని, త్రోసిపుచ్చరాదని, సమృద్ధిగా సమకూర్చుకోవాలని, చివరకు ఆశ్రయం కోరి వచ్చినవారిని కాదనరాదని వ్రతాలు విధిస్తుంది. అన్నం తొలిమెట్టు మాత్రమేనని చెప్పే ఉపన్యాసకులు ఈ అనువాకాల దాకా రాకుండానే మంగళం పాడడం చాలా సభల్లో చూశాను.

ఈ తత్త్వాన్ని కళ్ళకు కట్టినవాడు మా ఓరుగంటి సీమ కవి, బమ్మెర పోతనామాత్యుడు. దశమస్కంధంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టం భాగవతప్రియులందరూ ఎరిగినదే. నడుముకు కట్టిన వస్త్రంలో వేణువు, ఎడమ చంకలో కొమ్ము, కర్ర, ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద, వేళ్ళ సందుల్లో ఊరుగాయలు. సంస్కృత మూలంలో ఆ వేళ్ళ నడుమ ఉన్నవి ఫలాలని వ్యాసులవారు చెప్పారు. పోతన వాటిని ఊరుగాయలు చేశాడు. ఆ ఊరుగాయ ద్వాపరయుగపు గోకులానిది కాదు, తెలుగింటి జాడీలోనిది. యజ్ఞభోక్త అయిన పరమాత్మ నోటికి తన ఇంటి రుచిని అందించడానికి ఆ కవి సంకోచించలేదు.

తరువాతి కథ మరింత మనోహరం. బ్రహ్మదేవుడు లేగలను, బాలురను దాచివేస్తాడు. స్వామి ఆ ముద్ద చేతిలో ఉండగానే వెదకబోతాడు. ఏడాది గడచిన తరువాత గర్వం అణగిన చతుర్ముఖుడు చేసే స్తుతిలో, మొట్టమొదట వర్ణితమయ్యే రూపంలో శంఖచక్రాలు లేవు. చేతిలోని కబళం ఉంది. తిరిగివచ్చిన పిల్లలకు ఏడాది గడచినట్టే తెలియదు. నీవు లేక ఒక్క ముద్దయినా తినలేదని స్వామితో అంటారు.

ఓరుగల్లులోనే మరొక భోజనం సాహిత్యప్రసిద్ధం. క్రీడాభిరామంలో పూటకూటి ఇంట ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరుకుతాయి. చదివితే నోరూరుతుంది. అయితే అది వెల కట్టిన భోజనం. గోపబాలురు ఇంటినుండి చిక్కాలలో కట్టి తెచ్చుకొన్న చల్దికి వెల లేదు.

వెల లేనిదానికి విలువ కూడా లేదనుకోవడమే నేటి గృహస్థుల దోషం. మొన్న ఆషాఢ పౌర్ణమినాడు, భద్రకాళి అమ్మవారిని శాకంభరిగా దర్శించుకొని వచ్చిన ఒక ఇల్లాలు నన్నడిగింది: "అయ్యగారూ, పొద్దున లేస్తే నాకు వంటిల్లే. పారాయణ చేసుకొందామంటే పొద్దే దొరకదు. నా సాధన ఎట్లా?"

వంటే నీ సాధన తల్లీ, అని పలకడం సులభం. పొయ్యి ముట్టించని పురుషులం ఆ మాట చాలాకాలంగా చెబుతూనే ఉన్నాం. ఆలయంలో స్నానం చేసి, మడి కట్టి నైవేద్యం వండేవాని పనిని కైంకర్యమంటాం, గౌరవిస్తాం. ఇంట అదే శ్రమ రోజుకు మూడు పూటలా జరుగుతున్నా దానికి ఆ పేరు పెట్టం. పప్పులో ఉప్పు తగ్గితే గదమాయిస్తాం. నా దృష్టిలో ఏడవ అనువాకంలోని వ్రతం ప్రధానంగా వండేవారికి కాదు, విస్తరి ముందు కూర్చొనేవారికి. నింద బయలుదేరేది అక్కడినుంచే కదా!

అందుకని ఆమెకు జవాబు చెప్పక, ప్రక్కనే నిలిచిన ఆమె భర్తకు ఆ అనువాకం అర్థం వివరించాను. సాయంసంధ్య వేళ వంటిల్లు మీరు చూసుకొంటే అమ్మగారు దశమస్కంధం చదువుకొంటారని అన్నాను. ఆయన కాస్త నవ్వి, "అన్నం వండి పచ్చిపులుసు చేసుడు తప్ప నాకేమీ రాదు అయ్యగారూ" అన్నాడు.

పచ్చిపులుసు చాలునన్నాను.