జుర్మానా రాసేదెవరు?

బండి తియ్యబోతే ముందు చక్రానికి గొలుసు, దానికో తాళం. నల్గొండలో ఓ దుకాణాల సముదాయం అది. కూతురి పెళ్లిబట్టలకని ఊర్నించి వచ్చిన రైతు అక్కడే నిలబడిపోయాడు.

‘జుర్మానా కాకా. గీత దాటి పెట్టినవ్, రెండొందలు’ అన్నాడు కాపలా కుర్రాడు, రబ్బరు స్టాంపు కొట్టిన చీటీ చేతికిస్తూ.

చాలామంది గొడవెందుకని కట్టేస్తారు. ఆయన కట్టలేదు. ‘నువ్వు పోలీసోనివా తమ్మీ?’ అనడిగాడు.

అడగాల్సిన మాటే అది. జరిమానా వేయడానికి చట్టమిచ్చిన అధికారం ఉండాలి. రోడ్డు మీద అడ్డంగా పెట్టిన బండి సంగతి 1988 నాటి మోటారు వాహనాల చట్టం చూసుకుంటుంది. స్థలం సొంతదారు ‘ఇక్కడ పెట్టొద్దు’ అనొచ్చు, నిబంధనల మేరకు రుసుము అడగొచ్చు. శిక్ష మాత్రం వేయలేడు. ఆ రుసుముకూ హద్దుంది. 2018 మార్చిలో తెలంగాణ పురపాలక శాఖ ఇచ్చిన 63వ నంబరు ఉత్తర్వు ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో తొలి అరగంట ఉచితం. గంటలోపైతే అక్కడ కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే ఆ బిల్లు పార్కింగు రుసుముకన్నా ఎక్కువుండాలి. (విడిగా ఉండే ఒంటి తెర సినిమాహాళ్లకు 2021లో వసూలుకు అనుమతిచ్చారు.)

రైతుకు ఈ నంబర్లేవీ తెలియవు. సంచిలోంచి చీరల బిల్లు తీశాడు, పద్దెనిమిది వేలు. ‘మీ షేటును పిలువు. ఈ చీటీ మీద సంతకం పెట్టమను. ఠాణాల చూపిస్త.’

కుర్రాడు ఫోన్ పట్టుకుని పక్కకెళ్లాడు. పాపం, వాడిననీ లాభం లేదు, చెప్పిన పని చేసేవాడే. షేటు దిగి రాలేదు. కాసేపటికి కుర్రాడే వచ్చి తాళం తీశాడు. చీటీ వెనక్కి అడిగితే రైతు ఇవ్వలేదు, బిల్లుతో పాటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.