అమ్మ పేరు, మా మారిషస్ ప్రయాణం

మా ఊరు అత్వెల్లి. మేడ్చల్ దాటగానే నాగపూరు రోడ్డు మీద తగులుతుంది. శామీర్‌పేట చెరువు చూసి రావాలన్నా నాలుగు రోజుల ముందునుంచే మాట్లాడుకునే కుటుంబం మాది. అలాంటి మేము ఈ దసరాకు సముద్రం దాటి మారిషస్ వెళ్లాలని తలపెట్టాము. ఉండేది ఆరు రోజులు. సన్నాహానికి పట్టింది ఆరు నెలలు! ఆ వైనం చెబితే ఇలాంటి ప్రయాణం కట్టేవారికి పనికి వస్తుందని రాస్తున్నాను.

మొదట కాలం సంగతి. పిల్లలు సంక్రాంతి సెలవుల్లో పోదామన్నారు. వాకబు చేస్తే, భూమధ్యరేఖకు దిగువనున్న ఆ ద్వీపంలో కాలాలు మనకు తలకిందులని తెలిసింది. జనవరి మొదలు మార్చి దాకా అక్కడ ఉక్క, వానలు, తుపానుల భయం. అక్టోబరులో వానలు తక్కువ. ఎండ కాచినా గాలి హాయిగా ఉంటుంది. అయితే దసరాకే అన్నాము. “సద్దుల బతుకమ్మ ఆడకుండ నేను గడప దాట” అన్నది అమ్మ ఖండితంగా. అందుచేత జమ్మి ఆకు పంచుకున్న మర్నాడు బయలుదేరేటట్టు, పిల్లలు బడికి రెండు రోజులు ఎగనామం పెట్టేటట్టు రాజీ కుదిరింది.

రెండవది కాగితాలు. మనవాళ్లు మారిషస్ విహారయాత్రకు ముందుగా వీసా తెచ్చుకునే పని లేదు. పాస్‌పోర్టు, తిరుగు టిక్కెట్టు, బస కుదుర్చుకున్న కాగితం, ఖర్చులకు డబ్బున్నదన్న రుజువు ఉంటే దిగినచోటనే అనుమతిస్తారు. ఇంత సులువా అని మురిసిపోయాము. చిక్కు మా ఇంట్లోనే ఉన్నదని తరువాత తెలిసింది.

అమ్మకు పాస్‌పోర్టు లేదు. దరఖాస్తు చేయబోతే, ఆమె ఇంటిపేరు ఆధార్ కార్డులో ఒక తీరు, ఓటరు కార్డులో మరొక తీరు. బ్యాంకు పుస్తకంలో అసలు లేనే లేదు. పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఒకచోట ఉన్నది, ఇంకొకచోట ఎగిరిపోయింది. రాసినవాళ్లు ముగ్గురు, చదువురాని అమ్మ ఒక్కతే. ఏది తప్పో ఆమెకెలా తెలుస్తుంది? దిద్దించడానికి మూడుసార్లు తిరిగాము. ఇటు టిక్కెట్ల ధర పెరిగిపోతున్నది. ఒకనాటి రాత్రి అమ్మ, “నా కోసం మీకెందుకు బిడ్డా ఈ తిప్పలు? మీరు పోయి రాండ్రి. ఇల్లు నేను చూసుకుంట” అన్నది. అదే నయమేమోనని ఒక్క క్షణం నాకూ అనిపించింది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

ఆ రాత్రే, అక్కడ చూడవలసిన చోట్లను గురించి చదువుతూ, పోర్ట్ లూయీ నగరంలోని ఆప్రవాసీ ఘాట్ సంగతి తెలుసుకున్నాను. 1834 మొదలు చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షలమంది ఆ ద్వీపం చేరారు. వారిలో కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువారూ ఉన్నారు. గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా వాళ్ల పేర్లు కాగితాలకెక్కాయి. తరువాత తాత పేరే మనుమలకు ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు ఎందరికో పోయింది. అయినా వాళ్లు ఉగాదిని మరువలేదు. నేడు అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు.

పొద్దున్నే ఇదంతా అమ్మకు చెప్పాను. “అయ్యో, వాళ్ల పేర్లు అడిగి సక్కగ రాసేటోళ్లే లేకపాయె. పా బిడ్డా, ఇంకోపారి పోయొద్దాం” అంటూ చెప్పులు తొడుక్కున్నది. నాలుగోసారికి పేరు కుదిరింది. పోలీసు విచారణ ముగిసి, తపాలాలో పాస్‌పోర్టు చేతికి వచ్చాక, అందులోని అక్షరాలను ఒకటికి రెండుసార్లు చూసుకుని టిక్కెట్లు కొన్నాము. నేను చెప్పదలచిన ముఖ్యమైన సలహా ఇదే: ముందు పేర్లు, తరువాతే టిక్కెట్లు. పాత పాస్‌పోర్టు ఉన్నవారు గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది.

ఇక సామాను. పలుచని నూలు బట్టలు, వెడల్పంచు టోపీలు, ఎండకు రాసుకునే క్రీము, సముద్రంలో పగడపు రాళ్లు పాదాలను కోయకుండా రబ్బరు జోళ్లు తీసుకున్నాము. అక్కడి గోడ ప్లగ్గులు వేరు గనుక ఒక అడాప్టరు కొన్నాము. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. అమ్మ బీపీ మాత్రలు కూడా డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. మాత్రల వేళ దాన్నిబట్టి లెక్క కట్టుకున్నాము. అమ్మ ఒక కరివేపాకు మొక్క కూడా మూట కట్టింది. మొక్కలు, విత్తనాలు, పండ్లు అనుమతి లేకుండా ఆ దేశంలోకి రానివ్వరని నచ్చజెప్పి దింపించేసరికి పొద్దుగూకింది. నువ్వుల పొడి, సకినాలు మాత్రం పెద్దపెట్టెలో చోటు సంపాదించుకున్నాయి.

ఎల్లుండి తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని శంషాబాదు, అక్కడినుంచి బొంబాయి మీదుగా మారిషస్. పెట్టెలు గుమ్మం దగ్గరకు చేరాయి. అమ్మ పాస్‌పోర్టు మాత్రం దేవుని అరలో ఉన్నది. రోజూ దీపం పెట్టాక మనుమరాలిని పిలిచి, “నా పేరు ఇంకోసారి సదువు బిడ్డా” అంటున్నది. అది ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదువుతుంటే, అమ్మ తలూపుతూ వింటున్నది.