ఆరు అంకెలు

తెలుగు ఉపన్యాసకులకు ఇంజన్లతో పనియేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఈ సంచికకు వ్యాసము కావలెనని సంపాదకవర్గము కోరినప్పుడు మేము ఏదో ఒక ప్రబంధమును గురించి వ్రాయవలెననియే అనుకొన్నాము. కాని గత వేసవినుండి ఆరు అంకెలు మా మనస్సును వదలకున్నవి. వాని సంగతి చెప్పనిదే మరొకటి వ్రాయుటకు కలము సాగలేదు.

కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. అతని తండ్రికి నూజివీడులో లారీలు బాగుచేసే షెడ్డు ఉన్నది. మామిడి సీమలో అటువంటి షెడ్డుకు తీరికలేని కాలము కాయ కోతకు ముందే వస్తుంది. చిన్నరసాలు, బంగినపల్లి కాయలు ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టుకు, అక్కడినుండి ఉత్తరాది నగరాలకు చేరవలెనంటే ఫాల్గుణములోనే బండ్లు సిద్ధము కావలెను. ఆ రోజులలో అతడు తరగతికి వచ్చేవాడు కాడు. వచ్చిననాడు గోళ్ల సందున నల్లని గ్రీజు కనిపించేది.

ఒకనాడు చంపకమాలకు గణవిభజన చేయించుచు అతని నోటుపుస్తకము చూశాము. గురులఘువుల ప్రక్కన, అంచున, 1-5-3-6-2-4 అని వ్రాసి ఉన్నది. మరి రెండు పుటలలోనూ అవే అంకెలు. మాకు తోచినది ఒక్కటే: మట్కా. అతనిని అడుగలేదు. హాజరు చాలక, మినహాయింపు కాగితముపై సంతకమునకై వచ్చినప్పుడు నిరాకరించాము. "అంకెలమీద ఉన్న శ్రద్ధ పద్యాలమీద లేదు" అని కూడ అన్నాము. అతడు తలవంచుకొని వెళ్లిపోయినాడు. ఆ యేడు పరీక్ష వ్రాయలేదు. తరువాత షార్జాలో ఏదో గ్యారేజీలో చేరినాడని విన్నాము.

ఇటీవల మేము ఇల్లు మారి ఆ షెడ్డు దాపునకే వచ్చాము. గత మే నెలలో ఒక మధ్యాహ్నము జవాబుపత్రాలు దిద్దుచుండగా, ఎక్కడో కాయ దించి వచ్చిన లారీ ఒకటి వీధిలో నిలిచి, ఇంజను ఆపక గుడగుడలాడసాగినది. సహనము నశించి బయటికి వచ్చి డ్రైవరును గద్దించాము.

"రెండు నిమిషాలు ఆగండి మాస్టారూ!" అన్నది షెడ్డులోని కంఠము. అతడే. సెలవుమీద వచ్చియున్నాడు.

రెండు నిమిషాలు ఎందుకో అతడే చెప్పినాడు. ఇంజను వదలిన వేడి పొగ ఊరక పోకుండ, టర్బోలోని ఒక చిన్న చక్రమును త్రిప్పుతుందట. అదే ఇరుసు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని ఒత్తిపట్టి సిలిండర్లలోనికి నెట్టుతుంది. గాలి హెచ్చినకొలది ఇంధనము హెచ్చుగా మండించవచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే ఈ ఊహకు పేటెంటు పొందినాడు. ఆ చక్రము నిమిషమునకు లక్షచుట్లు కూడ తిరుగగలదు. ఇరుసును మోసేది పలుచని నూనెపొర. దూరము వచ్చిన బండిని తటాలున ఆపితే నూనె ఆగిపోయి, ఉన్నది ఆ వేడికి మాడి మసియగును.

ఇది వినుచుండగానే మా చూపు షెడ్డు గోడపై పడినది. సుద్దముక్కతో, మూరెడు అంకెలతో: 1-5-3-6-2-4.

"ఇదేమి?" అని అడిగాము. ఎన్నడో అడుగవలసిన ప్రశ్న.

"సిలిండర్లు మండే వరుస మాస్టారూ. టాపెట్లు సరిచేయాలంటే ఇది నోటికి రావాలి. అబ్బా ఎప్పుడు అడుగుతాడో తెలియదు. మీరు గణాలు అడిగినట్టే. అందుకే పుస్తకంలో రాసుకునేవాణ్ణి."

తరువాత అతడు నేలపై ఆరు గీతలు గీసి, మూడింటి తరువాత అడ్డగీత పెట్టినాడు. ముందు మూడు, వెనుక మూడు. ఇప్పుడు అంకెలు చదువుకొమ్మన్నాడు. ఒకటి ముందుది, అయిదు వెనుకది. మూడు ముందుది, ఆరు వెనుకది. రెండు ముందుది, నాలుగు వెనుకది. ఒక్క తప్పైనను లేక ఇటొకటి అటొకటి! యతిస్థానము తప్పని పద్యపాదమును చూచినట్లయినది మాకు.

ఈ గుణమును ఆధారము చేసికొనియే ఆరు సిలిండర్ల కార్లకు రెండేసి టర్బోలు పెట్టినారట. ముందు మూడింటి ఊపిరి ఒకదానికి, వెనుక మూడింటిది మరొకదానికి. దేనికైనను తాళము తప్పకుండ సమకాలములో ఊపిరులు అందుతవి. రెండు టర్బోలనగా బలము రెండింతలని మేమనుకొన్నాము; అది పొరపాటు. పెద్ద చక్రము తిరుగనారంభించుటకు ఆలస్యమగును, చిన్నవి త్వరగా అందుకొనును. షార్జాలో అతని చేతికి ఎక్కువగా వచ్చేవి టొయోటావారి జేజెడ్ కుటుంబపు ఇంజన్లు. 1990లో వచ్చిన రెండున్నర లీటర్ల 1జేజెడ్‌లో రెండు టర్బోలూ కలిసి పనిచేస్తాయి. 1991లో వచ్చిన మూడు లీటర్ల 2జేజెడ్ తీరు వేరు: మొదట ఒక్కటే తిరుగుతుంది, నిమిషమునకు నాలుగువేల చుట్ల దాపున రెండవది తోడవుతుంది. సుప్రా కారుకు పేరు తెచ్చినది ఇదే. బి.ఎం.డబ్ల్యు.వారు 2006లో ఎన్54 అను ఇంజనుకు రెండు టర్బోలు పెట్టి, 2009లో దాని తరువాతిదానికి ఒక్కటే ఉంచి, దాని గర్భములోనే రెండు దారులు చేసినారు.

"అది మన లారీల్లో ఎప్పటినుంచో ఉంది" అని అతడు బల్లక్రిందినుండి టాటా కమ్మిన్స్ డీజిలు ఇంజను టర్బో తొడుగును తీసి చూపినాడు. ఒకే నోరు, నడుమ గోడ, రెండు రంధ్రాలు. అంత స్పష్టముగా మేము సంధిసూత్రమునైనను చెప్పియుండము.

అప్పుడు చెప్పాము, ఆ అంకెలను మట్కా అనుకొన్నామని. అతడు నవ్వుతాడనుకొన్నాము. నవ్వలేదు.

"అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా మాస్టారూ" అన్నాడు.

లారీ ఆగినది. వీధి నిశ్శబ్దమైనది. మాకు ఏమనవలెనో తోచలేదు.

ఈ వ్యాసము అతడే వ్రాయవలసినది. అడిగాము, వర్ణక్రమదోషాలకు జంకి ఒప్పుకొనలేదు. మేము వ్రాసి ఫోనులో షార్జాకు చదివి వినిపించాము. ఒకచోట ఆపినాడు. ఒకటవ సిలిండరూ ఆరవదీ కలిసి మండునని వ్రాశాము. "పిస్టన్లు పైకి రావడం కలిసే మాస్టారూ, మండడం మాత్రం కలిసి కాదు" అన్నాడు. ఆ వాక్యము కొట్టివేశాము.