ఉండొచ్చు... పొలం కొనకూడదు!

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా వేపచెట్టు నీడ. చెక్కబల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో దస్తావేజులు రాసే పెద్దాయన. అమ్మేవాడికి అభ్యంతరం లేదు. కొనేవాడి దగ్గర డబ్బుంది. ధర కుదిరింది. బయానా కూడా చేతులు మారింది. ఇక కాగితం రాయడమే తరువాయి.

‘ఆధార్ ఇవ్వండి’ అన్నాడు రాసే పెద్దాయన. కొనేవాడు సంచిలోంచి రెండు చిన్న పుస్తకాలు తీశాడు. ఒకటి అమెరికా పాస్‌పోర్టు. రెండోది ఓసీఐ కార్డు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘ఇది కొబ్బరితోటండీ... సాగుభూమి. మీ పేరున రాయడం కుదరదండీ.’

‘నేను పుట్టిందే ఈ ఊళ్లో!’

‘తెలియకపోవడమేంటండీ... మేష్టారబ్బాయి కదా మీరు. కానీ కాగితం ప్రకారం పరాయి దేశపోళ్లండీ!’

కోనసీమలో, అమలాపురానికి కూతవేటు దూరంలో ఉందా తోట. ఎకరంన్నర. దాన్ని కొనుక్కోవడానికే ఆయన 2023లో, అరవయ్యారేళ్ల వయసులో, అమెరికా ఉద్యోగానికి స్వస్తి చెప్పి భార్యతో కలిసి వచ్చేశారు. అది ఎవరి తోటో కాదు. ఒకప్పుడు ఆయనదే!

ఒక్క సంతకం

తండ్రి బడిపంతులు. జీతంలో మిగుల్చుకుని తోట కొన్నాడు. ప్రతి మొక్కా తన చేత్తో నాటాడు. పిల్లలు సెలవుల్లో బిందెలతో నీళ్లు మోశారు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. చిన్నకొడుకు 1988లో అమెరికా వెళ్లాడు. 2001లో అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు.

2003లో తండ్రి పోయారు. ఏడాది తిరిగాక అన్నగారు ఫోన్ చేశారు. ‘చూసుకునేవాళ్లు లేరురా. దింపులవాళ్లు దొరకడం లేదు. అమ్మేద్దామా?’ అని. ‘నేనొచ్చి వ్యవసాయం చేస్తానా ఏంటి... అమ్మేసెయ్ అన్నయ్యా’ అన్నాడు తమ్ముడు. భారత కాన్సులేట్‌కి వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టి కొరియర్‌లో పంపాడు. మొత్తం పని ఒక పూటలో అయిపోయింది. వాటాకి వచ్చిన డబ్బు అమెరికా ఇంటి అప్పు వాయిదాలకి ఏడాదిపాటు సరిపోయింది.

తోట కొన్నది పొరుగు రైతు. ఇరవై ఏళ్ల తర్వాత అతనికీ వయసు మీదపడింది. ‘మీ తోట మీరే తీసుకోండి’ అన్నాడు మనస్ఫూర్తిగా. అడ్డుపడింది మనుషులు కాదు, చట్టం.

ఉన్న హక్కు... లేని హక్కు

విదేశీ పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అలా దూరమైనవాళ్ల కోసం 2005లో పౌరసత్వ చట్టాన్ని సవరించి ఓసీఐ పథకం తెచ్చారు. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందించారు. పేరులో సిటిజన్ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు. ఎన్నాళ్లయినా ఉండొచ్చు. పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోనక్కర్లేదు. ఓటు మాత్రం ఉండదు. ప్రభుత్వోద్యోగం రాదు.

ఆస్తుల సంగతికొస్తే ఇల్లు కొనుక్కోవచ్చు. ఫ్లాటు, దుకాణం, ఇళ్లస్థలం కొనుక్కోవచ్చు. కొనకూడనివి మూడే... వ్యవసాయ భూమి, తోటల భూమి, ఫామ్‌హౌస్. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద ఉన్న నిబంధనలివి. కేంద్ర హోంశాఖ 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనూ ఇదే మాట ఉంది. భారత పాస్‌పోర్టు వదులుకోకుండా విదేశాల్లో ఉంటున్న ఎన్నారైలకూ ఈ నిషేధం వర్తిస్తుంది. కాకపోతే వాళ్లు తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడితే మామూలు రైతుల్లాగే కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు మార్చుకున్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ‘ఫామ్ ప్లాట్లు’ అంటూ రంగురంగుల బ్రోచర్లు చూసి అమెరికా నుంచే డబ్బు పంపేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి. చుట్టూ ప్రహరీ కట్టి గేటు పెట్టినంత మాత్రాన, రికార్డుల్లో వ్యవసాయ భూమి అని ఉన్నది ఇళ్లస్థలం అయిపోదు.

ఈ కథలో గుండెని కలుక్కుమనిపించేది ఇంకొకటుంది. కొనకూడదన్న చట్టమే, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చంటుంది. అంటే, 2004లో ఆ సంతకం పెట్టకపోయి ఉంటే తోట ఇవాళ్టికీ నిక్షేపంగా ఆయన పేరునే ఉండేది. తండ్రి ఉచితంగా ఇచ్చినదాన్ని అమ్ముకోగలిగాడు. ఇప్పుడు ఎంత డబ్బు పోసినా వెనక్కి తెచ్చుకోలేకపోయాడు.

అడ్డదారి... దూరపు దారి

ఊళ్లో సలహాలకి కొదవా! పెదనాన్నగారి అబ్బాయి ఓ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ‘దీనికింత ఆలోచన ఎందుకన్నయ్యా. డబ్బు నువ్వియ్యి. నా పేరున రాయించు. తోట నీదే, పేరే నాది.’ మంచిమనసుతో అన్న మాటే. కానీ ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొనడాన్నే బినామీ అంటారు. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో బాగా బిగించారు. రుజువైతే ఆస్తి ప్రభుత్వపరం అవుతుంది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకూ జైలు. ఆస్తి విలువలో పాతిక శాతం దాకా జరిమానా. ఇవన్నీ అటుంచి, రేపు తమ్ముడి పిల్లలు ‘ఇది మా నాన్న పేరున ఉంది’ అంటే? తోట పోవడం ఒకెత్తు, చుట్టరికం పోవడం ఒకెత్తు. ఆయన వద్దన్నారు.

అసలైన దారి మరొకటుంది. ఓసీఐ తీసుకుని అయిదేళ్లు దాటి, దరఖాస్తుకి ముందు ఏడాదిపాటు ఇక్కడే ఉన్నవాళ్లు మళ్లీ భారత పౌరసత్వం కోరవచ్చు. ఆయన కార్డు 2008 నాటిది. ఏడాది ఉంటే చాలు. కాకపోతే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. న్యూజెర్సీలో కూతురుంది. ఆమెకి రెండేళ్ల పాప. మనవరాలిని చూడాలంటే వీసా కోసం దరఖాస్తు పెట్టి, పిలుపు వచ్చేదాకా ఎదురుచూడాలి. కూతురికి ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే ఆ రాత్రికే విమానం ఎక్కలేరు. ఎకరంన్నర తోట ఒకవైపు, కూతురిల్లు ఒకవైపు. వారం రోజులు ఆయనకి నిద్ర పట్టలేదు.

ఇటలీలో ఇల్లు!

సంగతి విని కూతురు ఫోన్‌లో నవ్వేసింది. ‘డాడీ, ఇటలీలో ఒక యూరోకి ఇళ్లిస్తున్నారట. అక్కడ కొనేసుకోండి!’ అని. అదేమీ కట్టుకథ కాదు. సిసిలీలోని సాంబూకా ఊరు జనం తగ్గిపోయి పాడుబడుతున్న ఇళ్లకి 2019లో ఒక యూరో నుంచి పాట పెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఎగబడ్డారు. కాకపోతే ఆ ఇల్లు బాగుచేయించడానికయ్యే ఖర్చు వేరు. పైగా ఇల్లు కొన్నంత మాత్రాన ఇటలీలో ఉండే హక్కు రాదు. పింఛనులాంటి స్థిరాదాయం చూపించి నివాస వీసా విడిగా తెచ్చుకోవాలి. పోర్చుగల్‌లోనూ అంతే. పదవీ విరమణ చేసినవాళ్లు ‘డీ7’ వీసాకి ఆదాయం రుజువు చేయాలి. భారీగా డబ్బు పెట్టి ఆస్తి కొంటే నివాస హక్కు ఇచ్చే గోల్డెన్ వీసా దారిని పోర్చుగల్ 2023లో మూసేసింది. స్పెయిన్ 2025 ఏప్రిల్లో ఆ పథకాన్నే ఎత్తేసింది. బ్రెగ్జిట్ తర్వాత, స్పెయిన్‌లో ఇల్లున్న బ్రిటన్ పెద్దవాళ్లు సైతం నివాస అనుమతి లేకపోతే ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. సొంతింట్లో సగం రోజులు!

అక్కడ కొనడం సులువు, ఉండటం కష్టం. ఇక్కడ ఉండటం సులువు, కొనడం కుదరదు. ఏ దేశమైనా వచ్చినవాడికి తలుపు తీస్తుందేమో గానీ, తాళాలన్నీ ఒకేసారి చేతిలో పెట్టదు.

ట్రంకుపెట్టెలో దస్తావేజు

ఆయన బయానా వదిలేసుకోవడానికి సిద్ధపడ్డారు. పొరుగు రైతు మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి పైసాతో సహా తిరిగిచ్చేశాడు. ‘మేష్టారి తోట మీద మేష్టారబ్బాయి సొమ్ము తింటానాండీ’ అన్నాడు. మాట్లాడలేక ఆయన లోపలికి వెళ్లిపోయారు.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఇల్లాలు ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచారు. అడుగున, పట్టుచీర మడతలో, పాత స్టాంపు కాగితాలు. 1986లో పెళ్లినాడు పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు రాసిచ్చిన అరెకరం. గౌతమి దాటాక, రామచంద్రపురం వైపు. వరిచేను. 2004లో తోట అమ్మినప్పుడు ‘అది కూడా తీసేద్దాం, అరెకరం ఎందుకు?’ అన్నారాయన. ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. అమ్మలేదంతే. ఏటా అన్నయ్య కౌలు డబ్బులు పంపిస్తున్నాడు. శిస్తు రసీదులు వరసగా ఉన్నాయి. పాస్‌బుక్‌లో పేరు ఆమెదే.

‘ఇది చెల్లుతుందా అండీ?’ అని అడిగారామె. మర్నాడు ఇద్దరూ కలిసి లాయరు దగ్గరికి వెళ్లారు. చెల్లుతుందన్నాడు. భారతదేశంలో నివసించే రోజుల్లో సంపాదించుకున్న స్థిరాస్తిని, తర్వాత విదేశాలకి వెళ్లినా ఉంచుకునే హక్కు చట్టమే ఇచ్చింది. దస్తావేజు రాసేనాటికి ఆమె ఇక్కడే ఉంది. భారత పౌరురాలు.

‘అప్పుడెందుకు అమ్మనివ్వలేదు?’ అని దారిలో అడిగారాయన.

‘అమ్మ ఇచ్చింది అమ్ముకుంటారా ఎవరైనా!’

ఊళ్లో ఇప్పుడు వాళ్లకి చిన్న ఇల్లుంది. ఇళ్లస్థలమే కాబట్టి కొనడానికి ఏ ఇబ్బందీ రాలేదు. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. నాన్న తోటలో దింపు అయినప్పుడల్లా పొరుగు రైతు ఒక గెల పంపిస్తుంటాడు. ఆ తోట పక్కనుంచి వెళ్లేటప్పుడు ఆయన స్కూటర్ నెమ్మదిస్తుంది. ఆపడం మాత్రం మానేశారు.

మొన్న సార్వా నాట్లకి ఇద్దరూ ఆమె చేనికి వెళ్లారు. ఆయన ప్యాంటు మడిచి చేలో దిగారు. నాట్లేసే ఆడవాళ్లు నవ్వుకున్నారు. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు అక్కణ్నుంచే కేకేశారు.

‘ఏవండీ... పొలం నాది. ఇంతకీ కౌలెంతిస్తారు?’